మా అన్న చెప్పిన గుర్రాల ఆస్పత్రి

మా ఊళ్ళో నేను ముప్పై ఏళ్ళపాటు గుర్రాల కాంపౌండర్ని. గుర్రానికి సూది ఎక్కడ వేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా సెలవు పెట్టి ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కుంటుతున్న ఎద్దునో, మేత ముట్టని బర్రెనో తోలుకొచ్చి మా వాకిట్లో కట్టేసేవాళ్ళు. "షావుకార్ల గుర్రాలకే మందిచ్చేటోడివి, మా గొడ్డును ఒక్కసారి చూడరాదా అబ్బాయా" అనేవాళ్ళు. నేను దాని కంటి రెప్ప లాగి చూసి, నోరు తెరిపించి చూసి, తల పంకించి, "పెద్దారవీడు డాక్టరు దగ్గరికి తోలుకుపోండి, ఆలస్యం చెయ్యొద్దు" అనేవాణ్ణి. ఆ ఒక్క సలహాతో నాకు మంచి హస్తవాసి ఉందని పేరొచ్చింది.

నేను నిజంగా చేసిన ఉద్యోగం వేరు. నగరంలో రేసుకోర్సులో పందేల టికెట్లు అమ్మాను. జాలీ కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాడు చెప్పిన గుర్రం నంబరు మీద టికెట్టు కొట్టి ఇచ్చేవాణ్ణి. ఆస్పత్రి కథ మా పెద్దన్నది. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఊరికొచ్చేసరికి వాకిట్లో ఒక ఎద్దు కట్టేసి ఉంది, పక్కన దాని యజమాని దణ్ణం పెడుతూ నిలబడి ఉన్నాడు. అప్పుడు తెలిసింది నేను కాంపౌండర్నని.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య డిగ్రీ పూర్తయిన ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. ఫోనులో పందేలు కట్టించుకునే కంపెనీలో ఉద్యోగం వచ్చిందట, చేరాలా వద్దా అని అడిగింది. "అంతా చట్టప్రకారమే తాతా, లైసెన్సు కూడా ఉండాది" అంది. చట్టం సంగతి నాకు బాగానే తెలుసు. చట్టం ఒప్పుకున్నాక ఏమవుతుందో చెప్పాలంటే మాత్రం మా అన్న సంగతి చెప్పాలి. ఆమెకు చెప్పిందే మీకూ రాస్తున్నాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

మా వైపు తిరునాళ్ళంటే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. ఒక జత ఎడ్లకు కాడి కట్టి, వెనక పెద్ద బండ కట్టి, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగుతాయో చూస్తారు. ఎక్కువ లాగిన జతది గెలుపు. ఆ ఎడ్లను రైతులు ఎట్లా సాకుతారో చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో పిల్లలకు లేని ఉలవలు, గుడ్లు, బాదంపప్పు వాటికి పెడతారు. ఏడాది అంతా పడ్డ కష్టం, ఊరి పరువు, ఇంటి పరువు చివరికి ఒక మనిషి చేతిలో ఉంటాయి. ఎడ్లు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి, బండ ఆగిన చోట టేపు పట్టి, "ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు" అని చెప్పే మనిషి. గిద్దలూరు నుంచి చంద్రశేఖరపురం దాకా ఆ మనిషి మా అన్నే.

ఆయనకు పెద్ద ఆస్తి లేదు. వర్షం పడితే పండే మెట్ట భూమి, ఒక పెంకుటిల్లు. మా నాయన తొందరగా పోతే నన్ను ఆ భూమి మీదే చదివించాడు. కానీ పోటీ పెట్టే ఊరివాళ్ళు కారు పంపించి మరీ తీసుకుపోయేవాళ్ళు. "నువ్వొస్తేనే పెడ్తాం అన్నా, లేకపోతే ఈ ఏడు మానుకుంటాం" అనేవాళ్ళు. ఆయనకు కొన్ని పట్టుదలలు ఉండేవి. పోటీ రోజు ఎవరి చేతి నీళ్ళూ తాగడు. తన సీసా తనే తెచ్చుకుంటాడు, వదిన కట్టిచ్చిన పెరుగన్నం ఒక్కడే పక్కకు పోయి తింటాడు. ఫోను ఇంట్లో వదిలేసి పోతాడు. ఎవరూ కండువా కప్పరు, ఎవరూ తాంబూలం ఇవ్వరు. ఇచ్చినా తీసుకోడని అందరికీ తెలుసు. జీవితంలో సరదాకైనా ఒక్క పేకాట ఆడి ఎరగడు. అట్లాంటి మనిషి తమ్ముడు పందేల టికెట్లు అమ్ముతాడని తెలిస్తే ఆయన టేపును ఎవరు నమ్ముతారు? అందుకే నగరంలో ఒక ఆస్పత్రి కట్టించి నన్ను అందులో కూర్చోబెట్టాడు.

దూరంగా ఉన్నంత కాలం ఆ ఆస్పత్రి బాగానే నడిచింది. రేసుకోర్సు గేటు లోపల పందెం కాస్తే చట్టం, గేటు బయట కాస్తే నేరం. కాబట్టి నా ఉద్యోగం గేటు లోపలే ఉండిపోయింది. నా రిటైర్మెంటుకు రెండేళ్ళు ఉందనగా ప్రభుత్వం కొత్త రకం పందేలకు అనుమతి ఇచ్చింది. చిన్న ఊళ్ళల్లో కూడా హాలు తీసుకుని, పెద్ద టీవీలు పెట్టి, నగరంలో జరిగే రేసుల మీద అక్కడే టికెట్లు అమ్మొచ్చు. ఏది గెలుస్తుందన్న ఒక్క పందెమే కాదు, రెండోది ఏది, మొదటి మూడూ వరసగా ఏవి అని రకరకాలు. మొదటి విడతలో మా రేసుకోర్సు వాళ్ళు ఏరిన ఊళ్ళల్లో మార్కాపురం ఒకటి. పెద్దాఫీసులో ఎవరో బండలాగుడు వీడియో చూశారట. ఇంత జనం వస్తున్నారంటే వీళ్ళకు పందేలంటే ప్రాణం అనుకున్నారు. "మీది ఆ పక్కే కదా, ఎగిరి గంతెయ్యాలి మీరు" అన్నాడు అక్కడి మేనేజరు. ఆ వయసులో ఉద్యోగం వదిలేసి ఏం చేస్తాం? మా ఆవిడకు నగరంలో బడి ఉద్యోగం ఉంది, ఆమె అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కణ్ణే పెట్టె సర్దుకున్నాను.

ముందు ఊరికి పోయాను. అన్న దొడ్లో మిరపకాయలు ఎండబోస్తున్నాడు.

"అన్నా, నన్ను మార్కాపురం వేసినారు" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "మంచిమాట చెప్పినావు. ఇంటి కాడికే వచ్చినట్టు గదా. అయినా మార్కాపురంలో గుర్రాలు యాడుండాయిరా, ఆస్పత్రి పెట్టడానికి?"

చూశారా, అన్నేళ్ళు చెప్పీ చెప్పీ ఆ ఆస్పత్రిని ఆయన కూడా సగం నమ్మేశాడు. నాకు నవ్వొచ్చింది.

"గుర్రాలు ఉండవన్నా. టీవీలో పరిగెత్తుతాయి. నేను టికెట్లు అమ్మాలి. ఇప్పుడు చట్టం ఒప్పుకుంది."

ఆయన మిరపకాయలు నెరపడం ఆపలేదు. చాలాసేపు ఒకేచోట నెరిపాడు. "చట్టం ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు చివరికి.

"గుర్రాల మీదే గదన్నా, ఎద్దుల మీద కాదుగా."

"దేని మీదైతే ఏందిరా. నేను అడుగులు చెప్తే రెండూర్లోళ్ళు నోరు మూసుకుని ఇంటికి పోతారు. ఎందుకు పోతారు? ఈ ముసిలోడికి దీంట్లో ఏమీ లేదని పోతారు. నీ సంగతి తెలిస్తే మళ్ళా నా మాట ఎట్ల వింటారు? టేపు లేకపోతే నేనెవుర్ని?"

మళ్ళీ ఆయనే అన్నాడు: "ఉద్యోగం మానుకోమని నేను చెప్పను. రెండేండ్లు ఓపిక పట్టు. ఊరికి రావొద్దు. నేను మార్కాపురం రాను. ఎవురన్నా అడిగినారనుకో, నువ్వెవురో నాకు తెల్వదు, నేనెవురో నీకు తెల్వదు."

వదిన గడపలో నిలబడి అంతా విన్నది. గోంగూర పచ్చడి సీసా నా సంచిలో పెట్టి, "తిండి సరిగ్గా తిను నాయనా" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మార్కాపురంలో మా హాలు ఒకప్పుడు పిల్లలు రాసుకునే పలకల గోడౌను. ఎంత తుడిచినా మూలల్లోంచి పలక దుమ్ము వస్తూనే ఉండేది. బయట పరిగెత్తే గుర్రం బొమ్మతో బోర్డు, లోపల మూడు టీవీలు, ఒక కిటికీ, కిటికీ వెనక నేను. తలుపు దగ్గర వాచ్‌మన్, కంభం వైపు ఆయన, మిలిటరీలో చేసి వచ్చాడు. అద్దె బాగా వస్తుందని హాలు ఇచ్చిన పెద్దమనిషే, నేను ఉండటానికి ఒక గది అడిగితే "ఇంట్లో ఆడపిల్లలుండారు సార్" అన్నాడు. చివరికి బస్టాండు దగ్గర లాడ్జిలో డాబా మీద రేకుల గది దొరికింది.

మా వైపు మనిషిని మనిషి వరస పెట్టే పిలుస్తాడు, మీకు తెలియనిది కాదు. బస్సు కండక్టరు అన్న, ఇడ్లీలమ్మే ఆమె అక్క, దారి అడిగిన పరాయివాడు కూడా మామే. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరినీ "రా బావా", "ఏం పెద్దనాయనా, ఎండలో వచ్చినావు" అని పిలిచేవాడు. వాళ్ళూ అట్లాగే పలికేవాళ్ళు. కిటికీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను "సార్". హాలు బయట అది కూడా లేదు. మధ్యాహ్నమంతా నా పక్కన నిలబడి టీవీ మీద అరిచినవాడే సాయంత్రం బజార్లో భార్యతో ఎదురైతే రోడ్డు దాటి అటువైపు పోయేవాడు. నేను పలకరింపుగా నవ్వబోయి ఆ నవ్వును ఏం చెయ్యాలో తెలియక అరటిపళ్ళ బండి వైపు తిప్పేవాణ్ణి.

టిఫిన్ హోటలు ఆయన ఇంకో రకం. వ్యాపారం కుటుంబం, నుదుట ఎప్పుడూ బొట్టు, భక్తిపరుడు. "సార్, మీకు పార్సిల్ కట్టిస్తా. ఇక్కడ కూర్చుంటే నలుగురు చూస్తారు గదా" అన్నాడు మర్యాదగా. ఆదివారం రేసులకు మాత్రం తలకు తువ్వాలు చుట్టుకుని మా హాలు వెనక మెట్ల మీదుగా అందరికంటే ముందు వచ్చేది ఆయనే. నేను పార్సిల్ తీసుకుపోయి డాబా మీద కూర్చుని తినేవాణ్ణి. కింద బస్టాండులో మా ఊరి వైపు పోయే బస్సు ఆగేది. అందులోంచి దిగేవాళ్ళల్లో మావాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూసేవాణ్ణి. ఉంటే గోడ వెనక్కి తప్పుకునేవాణ్ణి. ఏం బతుకిది అని ఒక్కోసారి ఏడుపొచ్చేది, అబద్ధమెందుకు.

నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. మా జనానికి పశువును కళ్ళారా చూడందే నమ్మకం కుదరదు. "ఈ గుర్రం ఏ ఊరిది? ఆసామి ఎవురు? మేత ఏం పెడ్తారు?" అని నన్ను నిలదీసేవాళ్ళు. రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపిస్తారు కదా, అప్పుడు టీవీకి ముక్కు ఆనించి కాళ్ళు, రొమ్ము, మెడ చూసేవాళ్ళు. చూసి అన్నిటికంటే భారీగా ఉన్న గుర్రం మీద కట్టేవాళ్ళు. బండ లాగాలంటే ఒళ్ళుండాలి మరి! సన్నగా, పొట్ట వీపుకు అంటుకున్నట్టున్న గుర్రం ముందుకు దూసుకుపోతే నోళ్ళు తెరిచేవాళ్ళు. "అంత రొమ్మున్న గుర్రం ఎట్ల ఓడిపోతాది? దాన్ని ఎవురో కావాలనే వెనక్కి పట్టుకున్నారు" అని టీవీని తిట్టేవాళ్ళు. "దానికి లాగడానికి ఏమీ లేదు మామా, ఉరకాలంతే" అని చెప్పబోయి ఊరుకునేవాణ్ణి. నేను మామా అంటే ఆయన ఇష్టపడతాడో లేదో.

అట్లా ఎన్నాళ్ళని ఓడిపోతారు? జనం పలచబడ్డారు. అప్పుడు దిగాడు మా ఏరియా మేనేజరు. కుర్రాడు, మంచివాడే, నగరంలో పుట్టి పెరిగాడు. నన్ను "అంకుల్" అనేవాడు. మార్కాపురంలో నాకు వరస కలిపింది ఆయనొక్కడే, అది కూడా ఇంగ్లీషులో.

"అంకుల్, ఇక్కడ గుర్రాలు ఆడవు. ఎద్దులు ఆడతాయి" అన్నాడు కుర్చీ లాక్కుని. "గుర్రాల మీద కొత్త పందేలకు ప్రభుత్వం ఒప్పుకుంది కదా, రేపు బండలాగుడుకీ ఒప్పుకుంటుంది. మనం ముందే రెడీగా ఉండాలి. కావాల్సింది ఒక్కటే, కొలత మీద గొడవ రాకూడదు. ఇక్కడ ఒక పెద్దాయన ఉన్నాడట. ఆయన అడుగులు చెప్తే ఎవరూ ఎదురు మాట్లాడరట. ఆయన్ని మనవైపు తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే."

"ఆయన రాడు సార్" అన్నాను.

"మీకు తెలుసా ఆయన?"

"లేదు. విన్నాను."

"మర్యాద చేస్తే ఎవరైనా వస్తారు అంకుల్. బేస్తవారిపేట దగ్గర ఏదో తిరునాళ్ళట ఈ వారమే. ఇద్దరం పోదాం."

పోటీ రోజు పొద్దున్నే అన్నకు ఫోను చేశాను. మాట తప్పి చెయ్యడం అదే మొదలు. వదిన ఎత్తింది. "మీ అన్న పోయి చాలాసేపయింది నాయనా. ఫోను ఇంట్లోనే ఉండాది. పోటీ రోజు ముట్టడు గదా" అంది. ఆయన పట్టుదలే ఆ రోజు ఆయన్ని చెవిటివాణ్ణి చేసింది.

పొలంలో జనం కిక్కిరిసి ఉన్నారు. ట్రాక్టర్ల మీద, గడ్డివాముల మీద, చెట్ల మీద. నేను మజ్జిగ పందిరి వెనక నిలబడ్డాను. రెండేళ్ళకు దగ్గరవుతోంది అన్నను చూసి. చిక్కిపోయాడు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, మెడలో ఈల, చేతిలో టేపు, చంకలో నీళ్ళ సీసా. ఎడ్లు బండను ఈడ్చుకుంటూ పోతుంటే వాటి పక్కనే ఆయనా నడిచేవాడు. బండ ఆగేది, ఆయన వంగేవాడు. ఆయన లేచి నోరు విప్పేదాకా అంత జనంలో చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఆయన చెప్పిన అంకెను మైకాయన చెప్పేవాడు. అంతే, జనం ఈలలు. నాకు ఒక్కసారి గర్వంతో కడుపు నిండిపోయింది. పక్కవాడితో "ఆయన మా అన్న" అని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

చివరి జత దిగబోయే ముందు కాస్త విరామం ఇచ్చారు. మా మేనేజరు కూల్‌డ్రింకు పట్టుకుని బరిలోకి నడిచాడు. ఆపుదామని నేను అడుగు వేసేలోపే మైకాయనకు చెప్పేశాడు కూడా. మైకాయనకు సన్మానమంటే చాలు, గొంతు లేస్తుంది. "మార్కాపురం గుర్రప్పందేల సెంటరు వారు మన కొలత పెద్దకు కండువా కప్పుతున్నారు!" అన్నాడు. అన్న రెండు చేతులతో టేపు చుడుతున్నాడు. ఆయన తల ఎత్తేసరికి గుర్రం బొమ్మున్న ఆకుపచ్చ కండువా భుజాల మీద ఉంది, కూల్‌డ్రింకు ముక్కు కింద ఉంది. మేనేజరు ఫోటో కూడా తీయించుకున్నాడు.

అన్న కండువా తీసి, మడిచి, ఆయన చేతికే ఇచ్చేశాడు. కూల్‌డ్రింకు ముట్టలేదు. కానీ జనం చూడాల్సింది చూసేశారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

చివరి జత పెద్దారవీడు వైపు ఆసామిది. అన్నకు ఎన్నో ఏళ్ళ స్నేహితుడు, బావా అని పిలుస్తాడు, ఆయన తమ్ముణ్ణి నేనని మాత్రం ఎరగడు. ఆ ఎడ్లు ప్రాణం పెట్టి లాగాయి. సమయం అయిపోయిందని గంట కొట్టారు, బండ ఆగింది. అన్న వంగి కొలిచాడు. లేచి అంకె చెప్పాడు. మొదటి స్థానానికి అంగుళాల్లో తప్పిపోయింది.

"మళ్ళా కొలువు" అన్నాడు ఆసామి.

అన్న జవాబు చెప్పకుండా మళ్ళీ కొలిచాడు. అదే అంకె.

"ఏం బావా, గుర్రాలోళ్ళ కండువా కప్పుకున్నాక నా ఎద్దులు పొట్టివయినాయా?" అని అరిచాడు ఆసామి. "పందేలోళ్ళు నీకెందుకు కప్పినారో చెప్పు. ఎవుని మీద ఎంత కట్టినారో చెప్పు."

"కండువా నేను అడగలేదు బావా. నీ కండ్ల ముందరే తీసేసినా" అన్నాడు అన్న. గొంతు మామూలుగానే ఉంది.

మేనేజరుకు అప్పుడు అర్థమయింది ఏదో జరిగిందని. "అంకుల్, మీరు రండి, మీ భాషలో చెప్పండి, మనం ఏ పందెమూ కట్టించుకోలేదని" అని నా చెయ్యి పట్టి బరిలోకి లాగాడు. పోయి అన్న పక్కన నిలబడ్డాను. మా ఇద్దరికీ మా నాయన ముక్కు, మా నాయన బట్టతల. ట్రాక్టరు మీద కూర్చున్న ఒక ముసలమ్మ అనేసింది: "ఏందే, ఇద్దరూ ఒక్క పోలికే ఉండారు!"

ఆసామి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మార్కాపురం టికెట్లాయనవు గదా నువ్వు? ఈయనకు నువ్వేమవుతావు?"

అందరూ నా నోరే చూస్తున్నారు. అన్నతో అనుకున్న మాట ఉంది. ఆయన్ని కాపాడటానికి నా దగ్గర ఉన్నదల్లా అదొక్కటే.

"ఏమీ కాను. ఈయన్ని ఈరోజే చూడటం" అన్నాను.

ఆసామి కాస్త చల్లబడ్డాడు. ఇంకొక్క క్షణం అట్లాగే గడిచి ఉంటే అంతా సర్దుకునేదేమో. కానీ అన్న నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు. కోపం కాదు, నేను చిన్నప్పుడు బావి గట్టెక్కితే అట్లా చూసేవాడు. మెడలోంచి ఈల తీసేశాడు.

"వాడు నా తోడబుట్టినోడు" అన్నాడు. "గుర్రాల ఆస్పత్రి అని చెప్పింది నేను, వాడు కాదు. వాడు చేసేది టికెట్లమ్మే ఉద్యోగం. మొదటినుంచీ అదే. నా టేపు పోతాదని మీకు అబద్ధం చెప్పినా. నేను చెప్పిన అబద్ధాన్నే ఇప్పుడు వాడి చేత చెప్పించినా. ఇదే నోటితో మీకు అడుగులు ఎట్ల చెప్పేది?" టేపు ఆసామి చేతిలో పెట్టాడు. "కొలత తప్పు కాదు బావా. నా మాట వద్దు, నువ్వే కొలుచుకో."

ఆసామి ఇద్దరు మనుషుల్ని పిలిచి తానే వంగి కొలుచుకున్నాడు. అదే అంకె వచ్చింది. మోకాళ్ళ మీద అట్లాగే కాసేపు కూర్చుండిపోయి, లేచి ఎడ్లను తోలుకుని వెళ్ళిపోయాడు. అన్నను చూడలేదు. కమిటీవాళ్ళు ఒకరిద్దరు "ఏం కాలేదులే అన్నా, టేపు నీ దగ్గరే పెట్టుకో" అన్నారు. అన్నారే గానీ ఎవరూ టేపు ఆయన చేతికి తిరిగి ఇవ్వలేదు. అది బండ మీద పడి ఉంది.

అన్న నీళ్ళ సీసా తీసుకుని, "పద తమ్ముడూ" అన్నాడు. అంత మందిలో, అందరూ వినేలా అన్నాడు. ఆ పిలుపు కోసం నేను రెండేళ్ళు మొహం వాచిపోయి ఉన్నాను. అది విని సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చున్నప్పుడు పెరుగన్నం గిన్నె విప్పి సగం మూతలో నాకు పెట్టాడు. పోటీ రోజు ఆయన ఇంకొకరితో కలిసి తినడం నేను చూడటం అదే మొదటిసారి.

మా మేనేజరు బండలాగుడు మీద రాసిన నివేదిక ఏ బీరువాలో ఉందో నాకు తెలియదు. ఎద్దుల మీద పందేలకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. నెల తిరక్కుండా గుర్రాల మీద ఫోనులోనే కాసుకోవచ్చని ఇంకో కొత్త అనుమతి వచ్చింది. ఇక హాలు ఎందుకు, కిటికీ ఎందుకు? బోర్డు దించేశారు. వాచ్‌మన్ తాళం వేస్తూ, "పోయొస్తా అన్నా" అన్నాడు. అప్పటిదాకా సార్ అన్న మనిషి. నా ఉద్యోగం పోయే రోజున నాకు వరస దొరికింది.

రిటైరయ్యాక మా ఆవిడతో మా ఊరికే వచ్చేశాను. అన్న ఇంటి పక్కనే ఉంటున్నాను. ఊళ్ళో ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, వెలివెయ్యలేదు. పండగకు పిలుస్తారు, చావుకు పిలుస్తారు. కానీ మా వాకిట్లో ఇప్పుడెవరూ గొడ్డును కట్టెయ్యరు. పెద్దారవీడు డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పేవాడు లేకుండానే నేరుగా పోతున్నారు. తిరునాళ్ళ ముందు అన్న ఇంటి ముందుకు కారు రాదు. వదిన మాత్రం ఆ రోజుల్లో ఊరికే వాకిలి రెండుసార్లు ఊడుస్తుంది.

ఆ డిగ్రీ పిల్లకు నేను చేరొద్దని చెప్పలేదు. ముప్పై ఏళ్ళు అదే అన్నం తిన్నవాణ్ణి, ఏ మొహంతో చెప్తాను? "నువ్వేం పని చేస్తున్నావో మీవాళ్ళు ఊళ్ళో ఉన్నదున్నట్టు చెప్పుకోగలరా, ముందు అది కనుక్కో. చెప్పుకోలేకపోతే ఆ పని బరువు నీకంటే వాళ్ళకే ఎక్కువవుతాది" అన్నాను. ఆమె ఏం చేసిందో ఇంకా తెలియదు.

మొన్న మా పక్క ఊళ్ళోనే పోటీలు జరిగాయి. ఇద్దరం పోయాము. ముందు వరసలో కాదు, చివర, ఎడ్లను కట్టేసే చోట నిలబడ్డాము. టేపు ఇప్పుడు ఎవరో కుర్రవాడు పడుతున్నాడు, బాగానే పడుతున్నాడు. బండ ఆగింది. జనం గప్‌చుప్‌గా అయిపోయారు. మా అన్న ఆ దూరం నుంచే కళ్ళు చిట్లించి చూసి, పెదాల్లోనే అంకె చెప్పాడు. అడుగులు, అంగుళాలు కూడా. మైకులో ఏం వస్తుందోనని ఆగలేదు, చెప్పి తల దించుకున్నాడు.

ఒకప్పుడు రెండూళ్ళు ఊపిరి బిగబట్టి విన్న మాట అది. ఇప్పుడు వినేది నేనొక్కణ్ణే. "సరే అన్నా" అన్నాను.